పడేటోని అక్క

నల్లగొండల మా గల్లీల నాకు ఒక పేరుండె. "మిషిను అక్క" అనేటోళ్లు. ఎవల చెయ్యి ఎంత లావు, ఎవల మెడ ఎంత కిందికి కావాలె, ఎవలు తల్లిగారింటికి పోయొచ్చినంక కుట్లు విప్పమంటరు, అన్ని నాకు నోటికే యాది. జాకెట్లు కుట్టి కుట్టి సంపాయించుకున్న పేరది. ఇప్పుడు గంగల కలిసింది. మొన్న ఒకామె కొత్తగ జాకెట్ ముక్క పట్టుకొని వచ్చి, గేటు కాడనే నిలవడి, "పడేటోని అక్క ఇల్లు ఇదేనా?" అని అడిగింది. నా చేతుల కత్తెర ఉండె. ఆమె అదృష్టం, నడుమ గేటు కూడ ఉండె.

పడేటోడు అంటే మా తమ్ముడు. నాకు ఒక్కడే తమ్ముడు. మోత్కూరు దిక్కు పల్లెల ఉంటడు. జరంత పొలం, ఒక బర్రె, ఊరి నడుమల చిన్న ఎరువుల దుకాణం. మనిషి ఉత్తముడే. చిన్నప్పటి సంది పాటలంటే పాణం. ఒకనాడు బర్రెకు నీళ్లు తాపుకుంట, ఫోన్ గోడ మీద నిలవెట్టి, పాట పాడుకుంట రీల్ తీసుకుంటున్నడంట. పాట మంచిగ రాగం అందుకునే యాళ్లకు బర్రెకు ఏం నచ్చలేదో ఏమో, ఎనుక నుంచి ఒక్క గుద్దు గుద్దింది. వీడు పోయి పెంటకుప్పల బోర్ల పడ్డడు. లేసి, మూతికి పెండ పెట్టుకొనే మిగిలిన పాట పూర్తి చేసిండు. అదే పెట్టిండు. ఇగ సూడుండ్రి, రాష్ట్రమంత నవ్వింది.

పాటలు పెట్టినన్ని దినాలు కుక్క కూడ చూడలే. పడ్డంక లక్షల మంది చూసిండ్రు. అప్పటి సంది వానికి పడుడే పనైంది. మంచం మీదికెళ్లి పడె, బండి మీదికెళ్లి పడె, గడ్డివాము మీదికెళ్లి పడె, కాల్వల పడె. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటరు గదా, గట్ల. మరదలు ఫోన్ పట్టుడు, వీడు పడుడు. దుకాణానికి యూరియా కోసం వచ్చినోళ్లు సుత "అన్నా, ఒక్కసారి పడన్నా" అని ఫోన్లు తీస్తరంట. పడ్డది తీసుకొని, యూరియా బస్త మర్చిపోయి ఇంటికి పోయినోళ్లు కూడ ఉన్నరంట.

నవ్వలేదంటే అబద్ధం. నేను సుత పొట్ట పట్టుకొని నవ్విన. "మా తమ్ముడే, మా తమ్ముడే" అని గల్లీల ఇల్లిల్లు తిరిగి సూపెట్టింది నేనే. వాడు పడ్డప్పుడల్ల లైక్ కొట్టిన. ఇప్పుడు పడేటోని అక్క అని పిలుస్తున్నరంటే ఎవల మీద కోపానికి పోవాలె? చేసుకున్నమ్మకు చేసుకున్నంత.

కాని నా బాధ ఆ పేరు గురించి కాదు. మా అమ్మ ఉన్నన్ని దినాలు పొద్దుగూకంగనే ఫోన్ చేసేది. "ఏం కూర వండినవ్ బిడ్డా?" అనేది. చెప్పినంక, "ఇగో, తమ్మునికిస్తున్న" అనేది. వాడు తీసుకొని "ఏంది అక్కా?" అంటడు. నేను "ఊకనే" అంట. "ఊకనేనా" అంటడు. గంతే, ఇగ ఇద్దరం బర్రె గురించి, వాన గురించి, ఎవలింట్ల కోళ్లు పోయినయో దాని గురించి, కూర మాడేదాక మాట్లాడుకునేటోళ్లం. పనున్న మాట ఒక్కటి ఉండకపోయేది.

అమ్మ పోయింది. ఆ ఊకనే ముచ్చట కూడ ఆమెతోనే పోయింది. నేను ఫోన్ చేస్తే "అక్కా, షూటింగుల ఉన్న, మళ్ల చేస్త" అంటడు. ఆ మళ్ల ఎన్నడు రాలే. ఒకనాడు గట్టిగ తిడితే, "రోజు నన్ను చూస్తనే ఉన్నవు గదా అక్కా. నువ్వు లైక్ కొడ్తున్నవు, అంటే మంచిగనే ఉన్నవని నేననుకుంటున్న" అన్నడు. వారెవ్వా! నేను బతికున్న అనేటందుకు అదన్నట్టు గుర్తు. ఒకవేళ నేను చచ్చిపోతే లైకు రాలేదని చూసుకొని వస్తడు కావచ్చు.

ఆ మధ్యల నాకు జ్వరం బాగ ముదిరి దవాఖానల పడ్డ. మా ఆయన చుట్టాల గ్రూపుల పెట్టిండు. అందరు ఏదో ఒకటి రాసిండ్రు. మా తమ్ముడు చేతులు జోడిచ్చిన బొమ్మ ఒకటి పెట్టిండు. ఆ బొమ్మ చచ్చిపోయినోళ్లకు కూడ పెడ్తరు. ఇంతకు నన్ను బతుకుమన్నడా, పొమ్మన్నడా? నేను ఆ బొమ్మను చూసి మండిపోతుంటే, వెంటనే వాని కొత్త రీల్ వచ్చింది, ట్రాక్టర్ మీదికెళ్లి పడుడు. ఒక చేతికి గ్లూకోజు ఎక్కుతుంటే రెండో చేత్తోని లైక్ కొట్టిన. ఖాళీ ఉన్న చెయ్యి మన మాట వినదు గదా.

గిట్లుండంగ ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూస్తున్న. మా తమ్ముడు, మరదలు పక్క పక్కకు నిలవడి, "ఫ్రెండ్స్, వచ్చే ఆదివారం మా అక్కకు ఒడిబియ్యం పోస్తున్నం. వీడియో పెడ్తం. అందరు తప్పకుండ చూడాలె" అని చెప్తున్నరు. అక్క అంటే నేనే. నాకింకో తమ్ముడు లేడు, వానికింకో అక్క లేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నా ఒడిబియ్యం సంగతి రాష్ట్రమంత తెలిసినంక నాకు తెలిసింది.

మా దిక్కు ఆడిబిడ్డకు ఒడిబియ్యం అంటే చిన్న ముచ్చట కాదు. పెండ్లి చేసి పంపిన బిడ్డను తల్లిగారోళ్లు కొన్నేండ్లకొకసారి పిలుచుకొని, కొత్త చీర పెట్టి, పీట మీద కూసోపెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు దోసిళ్లతోని ఒడిల పోస్తరు. నువ్వు పోయినా నీ తిండిగింజ ఈ ఇంట్ల ఉన్నది బిడ్డా అని చెప్పుడన్నట్టు. దానికి ఊకనే పిలువరు. అన్ననో తమ్ముడో ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలుస్తడు.

"బొట్టు పెట్టి పిలువకుంటే నేను పోను" అన్న మా ఆయనతోని. మా ఆయన బత్తాయి మార్కెట్ల పనిచేస్తడు. దున్నపోతు మీద వాన పడ్డా అది జరంత కదులుతదేమో, ఈయన కదలడు. "రాష్ట్రమంతటి ముందర పిలిచిండు గదనే, ఇంకేం గావాలె?" అన్నడు. "బొట్టేది?" అన్న. "కామెంట్లల్ల ఎక్కడన్న ఎర్రగ చుక్క పెట్టిండేమో చూడు" అన్నడు. ఆయన సోయంత మా తమ్ముని ఇంట్ల కోసే నాటుకోడి మీద ఉన్నది.

తల్లి పోతే తల్లిగారిల్లు పోయినట్టే అంటరు ఆడోళ్లు. అమ్మ పోయినంక ఇది మొదటి ఒడిబియ్యం. నాకు బియ్యం కావాల్నా? నల్లగొండల బియ్యం దొరుకుతలేవా? ఆ ఇల్లు నాకు ఇంక ఉన్నదా, లేదా? అది ఒక్కటి తెల్వాలె నాకు. అందుకే కోపం మింగి పోయిన.

ఆడోళ్లకు బస్సు ఫిరీ అయినకాడి నుంచి మా ఆయనకు నాతోని బస్సెక్కుడంటేనే మంట. నేను కిటికీ పక్కన కూసున్న. ఆయనకు సీటు దొరకలే. "పైసలిచ్చినోన్ని నిలవెట్టి ఫిరీదాన్ని కూసోపెట్టిండ్రు" అని మోత్కూరు దాక గొణుక్కుంటనే వచ్చిండు.

ఇంటికి పోయి గేటు తీసి కాలు లోపట పెట్టిన. కాళ్లకు నీళ్లిస్తరు, "వచ్చినవా అక్కా" అంటరు అనుకున్న. "ఆగక్కా! ఆగాగు! ఎనక్కి పో!" అని తమ్ముడు లోపటి నుంచి అరిచిండు. పాము గిట్ల ఉన్నదేమోనని ఎగిరి బయట పడ్డ. పాము లేదు, పాడు లేదు. ఫోన్ ఇంక స్టాండుకు పెట్టలేదంట. నేను వచ్చుడు మళ్ల వచ్చినట్టు తియ్యాల్నంట. మళ్ల వచ్చిన. ఈసారి మా ఆయన నాకంటె ముందు వంటింటి దిక్కు ఉరికిండు, అది పనికిరాలే. మళ్ల వచ్చిన. ప్రతిసారి మరదలు కాళ్లకు నీళ్లు పోసింది. వాకిలంత బురదై, కాళ్లు కడిగిన కొద్ది మురికే అయినయి.

ఎదురింటి పెద్దమ్మ కూడ వచ్చింది. మా అమ్మకు పాణమిచ్చే దోస్తు. నోట్ల ఒక్క పన్ను లేదు గాని, ఊర్లె ఎవలింట్ల ఒడిబియ్యం పోసినా ఎట్ల పొయ్యాలె, ఎట్ల కట్టాలె అని చెప్పేది ఆమెనే. నన్ను పట్టుకొని ఏడ్చింది. మళ్ల తీస్తున్నమంటే మళ్ల పట్టుకొని, మళ్ల అంతే ఏడ్చింది. కండ్లు తుడుచుకుంట మరదల్ని అడుగుతది, "నేను కనవడ్తున్ననా బిడ్డా దాంట్ల?"

తమ్ముని దిక్కు చూసిన. మనిషి చిక్కిండు. ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నడు.

"ఏందిరా గట్ల నడుస్తున్నవ్?"

"ఏం లేదక్కా. గిప్పుడు గిదే స్టైలు" అన్నడు.

నాటుకోడి కూర అయింది. దాన్ని కూడ తీసిండ్రు. గిన్నెల తీసిండ్రు, పళ్లెంల తీసిండ్రు, మా ఆయన ముందర పెట్టి తీసి మళ్ల తీసుకపోయిండ్రు. ఆయన మొఖం చూడాలె! "చెల్లే, బువ్వ?" అని అడిగిండు. "ఒడిబియ్యం అయినంక వండుత అన్నా, వెలుతురు పోతది" అన్నది మరదలు. పట్టపగలు వాకిట్ల గుండ్రటి లైటొకటి పెట్టి, మళ్ల వెలుతురు పోతదంట.

నన్ను పీట మీద కూసోపెట్టిండ్రు. అమ్మ కూసొని కూరగాయలు కోసే పీట అది. ఒక కోడు జర పొట్టి, కూసుంటే ఊగుతది. ఆ ఊగుడు నాకు చిన్నప్పటి సంది ఎరుకే. కొత్త చీర కొంగు పట్టి కూసున్న. ఎదురుంగ లైటు, స్టాండు మీద ఫోన్, దాని ఎనుక బర్రె కుడితి గోలెంల మూతి పెట్టి తాగుతున్నది. తమ్ముడు, మరదలు జంటగ నిలవడి దోసిళ్లతోని పోసిండ్రు. పెద్దమ్మ "పచ్చగుండు బిడ్డా" అని దీవించింది. నాకు కడుపు నిండినట్టే అయింది.

మరదలు ఉరికి పోయి ఫోన్ల చూసుకున్నది. "పసుపు కనవడ్తలేదు. లైటుకు బియ్యం తెల్లగ వచ్చినయి. మళ్ల పోద్దాం" అని నా ఒడిల చెయ్యి పెట్టవోయింది.

"ఏయ్!" అని ఒక్క అరుపు అరిచింది పెద్దమ్మ. బర్రె సుత తలెత్తింది. "పోసిన ఒడిబియ్యం తీస్తరానే? తీసిండ్రంటే ఆడిబిడ్డకు ఈ ఇంటికి తెగిపోయినట్టే. మొత్తుకుంటున్న, తియ్యద్దు!"

"మరి ఎట్ల పెద్దమ్మా?" అన్నడు తమ్ముడు.

పెద్దమ్మ జరంత ఆలోచించి, తల మీద కొంగు సరి చేసుకొని, "పోసినయి పోసినట్టే ఉండాలె. మళ్ల కావాల్నంటే మీదికెళ్లి పొయ్యిండ్రి" అన్నది. తీయద్దని చెప్పింది గాని ఆపుండ్రి అని చెప్పలే. ఆమె కూడ వీడియోల సరిగ్గ రాలేదంట.

ఇగ ముందున్నది ముసళ్ల పండుగ. రెండోసారి పోసిండ్రు. నా మొఖం చిటపటలాడుతున్నట్టు వచ్చిందంట. మళ్ల పోసిండ్రు. మా ఆయన ఎనుక నిలవడి, ఆకలికి తట్టల ఉన్న ఖర్జూరాలు తింటున్నది వచ్చిందంట. మళ్ల. పెద్దమ్మ అడ్డం వచ్చిందంట. మళ్ల. కలిపిన బియ్యం ఒడిసినయి. లోపటి బియ్యం తెచ్చి కలిపిండ్రు. పసుపు ఒడిసింది. రేషన్ల వచ్చిన సన్నబియ్యం బస్త ఈడ్సుకొచ్చి, ఉత్తయే పోసిండ్రు. కొంగు చాలకపోతే పెద్దమ్మ ఇంటికెళ్లి దుప్పటి తెచ్చి నా నడుముకు కట్టి, ముడి మీద ముడి ఏసింది. నేను పీట మీద కూసున్ననో, బియ్యంల మునిగిననో నాకే తెలుస్తలేదు.

గంతల నా ఒడిల ఫోన్ మోగింది. రొండిల చెక్కుకున్న ఫోన్, బియ్యం కింద పడిపోయింది. జాకెట్ కోసం ఎవలో గిరాకి కావచ్చు. తీద్దామని చెయ్యి పెట్టవోతే పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటి ఏసింది. "ఒడిల చెయ్యి పెట్టద్దన్న గదా!" అది మోగుడే మోగుడు. దుప్పటి మీదికెళ్లి వణుకుతున్నది. "కడుపుల పిల్ల తన్నినట్టే ఉన్నది" అని పెద్దమ్మ నవ్వింది.

అప్పుడు మరదలు ఫోన్ల చూసుకుంటనే అన్నది, "వదినె, అన్ని మంచిగొచ్చినయి గాని, జర ఏడువుండ్రి. అత్తమ్మను యాది చేసుకోండ్రి."

నిజం చెప్తున్న, పీట మీద కూసున్నప్పటి సంది ఏడుపు నా గొంతు కాడనే ఉన్నది. అమ్మ పొయ్యాల్సిన బియ్యం అవి. ఏడువుమనేసరికి మొత్తం ఎండిపోయింది. ఏడుపు జాగల కోపం వచ్చింది. "మీ అత్తమ్మ నీకు ఫోన్ల యాదికొస్తదానే?" అని అరవాల్నని నోరు తెరిచిన. తమ్ముడు ఇత్తడి తాంబాలం నిండ బియ్యంతోని నా ముందరికి వచ్చిండు. మరదలు మెల్లగ అన్నది, "ఇగ పడు."

నాకు మెరుపు మెరిసినట్టు అర్థమైంది. పడుడు ముందే అనుకున్నరు. అక్క ఒడిబియ్యంల తమ్ముడు జారి పడాలె, తాంబాలం ఎగరాలె, బియ్యమంత నా నెత్తి మీద పడాలె, రాష్ట్రం నవ్వాలె. అమ్మ లేని ఇంట్ల నా మొదటి ఒడిబియ్యం వాళ్లకు పడేటందుకు ఒక జాగ. వాని ఎడమ కాలు పక్కకు జారింది. పడేముందు వాడు ఆ కాలే జారుస్తడు, అన్ని రీళ్లు చూసిన నాకు తెల్వదా?

"నీ సచ్చినోడ, ఇయ్యాలన్న పడకురా!" అని లేవవోయిన. ఒడిల బస్తడు బియ్యం ఉన్నయి గదా. లేసింది నేను కాదు, బియ్యం. అవి ముందరికి ఒరిగినయి, ఎనుక నేను పోయిన. పోయి పోయి తమ్ముని మీద పడ్డ. వాడు తాంబాలంల బియ్యం బురదల ఒలకపోసి స్టాండు మీద పడ్డడు. స్టాండు మీది ఫోన్ ఎగిరి, గిరగిర తిరిగి, సక్కగ పోయి కుడితి గోలెంల పడ్డది. బర్రె మూతి తీసి లోపటికి చూసింది. ఊఫ్ అన్నది. మళ్ల తాగింది.

"ఒడిల గింజ ఒక్కటి కింద పడలే! పచ్చగుంటవు బిడ్డా!" అని పెద్దమ్మ తన ముడిని మెచ్చుకుంటున్నది.

నేను ఎట్లనో పక్కకు దొర్లిన. తమ్ముడు లేస్తలేడు. "అమ్మా" అన్నడు. రీళ్లల్ల పడ్డప్పుడు వాడు "అబ్బా" అంటడు, కండ్లు పెద్దగ చేస్తడు. ఈ అమ్మా అది కాదు. మా ఆయన వాన్ని బోర్ల తిప్పి అంగి లేపిండు. వీపంత కమిలి నల్లగ అయింది, నడుముకు పట్టీలు అంటుకొని ఉన్నయి.

"ఇవన్ని ఏందిరా?" అన్న.

"రీల్సు అక్కా" అన్నడు.

చేత్తోని ఒక్కొక్కటి సూపెట్టిండు. ఇది మంచం. ఇది కాల్వ. ఇది గడ్డివాము. ఈ పెద్దది ట్రాక్టర్. నొప్పి గోళీలు ఏసుకొని పడుతున్నడంట. దేనికి లైకులు బాగొచ్చినయో, దేనికి రాలేదో కూడ చెప్పిండు. ప్రతి దాంట్ల ఒకటి నాది. ట్రాక్టర్‌ది అయితే గ్లూకోజు ఎక్కుతుంటే కొట్టిన.

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. వాని నెత్తి మీద ఒక్కటి ఏసిన. తర్వాత అదే నెత్తి నిమిరిన.

మరదలు కుడితిల చెయ్యి పెట్టి ఫోన్ తీసింది. అది నీళ్లు కారుతున్నది గాని ఎలుగుతలేదు. "వదినె, మీ ఫోనన్న ఇయ్యిండ్రి, మళ్ల..." అని, నా ఒడి దిక్కు చూసి, పెద్దమ్మ దిక్కు చూసి ఊకున్నది. ఊకొని అక్కడనే కింద కూసున్నది. "రొట్టె చేసుడు కూడ రెండుసార్లు చేస్తున్న వదినె. ఒకటి తినేటందుకు, ఒకటి తీసేటందుకు. చేతులు గుంజుతున్నయి" అన్నది. అప్పటిదాక ఆ పిల్ల మీద ఉన్న కోపం సగం దిగింది. మిగిలిన సగం ఉంచుకున్న, ఎప్పుడన్న పనికొస్తదని.

"అన్ని సరే" అన్నడు మా ఆయన. "బువ్వ?"

అప్పుడు గని తెల్వలే. ఇంట్ల బియ్యం లేవు. గింజ లేదు. కలిపినయి, కలపనియి, రేషనువి, బురదల పడ్డయి పోను మొత్తం నా ఒడిల ఉన్నయి. కూర ఉన్నది, సల్లారి ఉన్నది. బువ్వ లేదు. "పొద్దటి సంది కోడికి ఫోటోలు దిగుడే అయింది. నా ఆకలికి కూడ ఒక రీల్ తియ్యిండ్రి" అని మా ఆయన గుంజకు ఒరిగి కూసున్నడు.

అందరు పెద్దమ్మ దిక్కు చూసినం. పోసినయి తియ్యద్దు గదా మరి. పెద్దమ్మ బోసినోరు కదుపుకుంట నా ఒడి ముడి తడిమి చూసింది. "మీరు తియ్యద్దు. ఆడిబిడ్డ తన చేత్తోని తల్లిగారింటి కుండల పిడికెళ్లు వదిలిపెట్టిపోవచ్చు. ఎప్పుడైనా అట్లనే చేస్తరు, ఇల్లు సల్లగుండాల్నని" అన్నది.

తమ్ముడు, మరదలు రెండు దిక్కుల పట్టుకొని నన్ను వంటింట్లకు నడిపిచ్చిండ్రు. అమ్మ బియ్యం కుండ అదే మూలకు ఉన్నది, లోపట ఖాళీ. పిడికిలి పిడికిలి పోసిన. తర్వాత పిడికెళ్లు చాలించి దోసిళ్లు పోసిన. కుండ నిండిందాక పోసిన. నడుమల నా ఫోన్ పసుపు పూసుకొని బయటికొచ్చింది. అమ్మ పొయ్యి మీద నేనే ఎసరు పెట్టిన. పసుపు అంటిన బియ్యం గదా, బువ్వ పచ్చగ అయింది. మా ఆయన అడుగక ముందే రెండోసారి పెట్టిన.

తినుకుంట తమ్ముడు తల ఎత్తకుండ అడిగిండు, "అక్కా, దవాఖానల పడ్డవంట గదా. ఏమైండె నీకు?"

"ఇప్పుడడుగుతున్నవా? దండం బొమ్మ పెట్టినవు గదా."

"ఏం రాయాల్నో తెల్వలే అక్కా" అన్నడు. "అమ్మ కూడ జ్వరమని దవాఖానకు పోయి మళ్ల రాలే గదా. ఫోన్ చేస్తే నువ్వు ఏం చెప్తవోనని భయమైంది. గందుకే పోయి ట్రాక్టర్ మీదికెళ్లి పడ్డ."

ఇగ నేనేం తిడుదు? కోడి కాలు తీసి వాని పళ్లెంల ఏసిన. మా ఆయన ఆ కాలు దిక్కు ఎంత ఆశతోని చూసిండో దేవునికెరుక.

తెల్లారి బస్సుకు తమ్ముడే వచ్చిండు. మిగిలిన ఒడిబియ్యం మూట నెత్తి మీద పెట్టుకొని, ఒక పక్కకు ఒరిగి నడుచుకుంటనే. "స్టైలు మంచిగున్నదిరా" అంటే నవ్విండు. మరదలు గేటు కాడ నిలవడ్డది. "మళ్ల రాండ్రి వదినె" అన్నది. ఒక్కసారే అన్నది, మళ్ల తియ్యలే.

బస్సు వచ్చింది. ఒకడు చూసిండు. "అరే, పడేటన్న!" అన్నడు. గంతే. బస్సు కిటికీలల్లకెళ్లి ఫోన్లు బయటికొచ్చినయి. డ్రైవర్ సుత వంగి చూస్తున్నడు. "అన్నా, ఒక్కసారి పడన్నా! నెత్తి మీద మూట ఉన్నది, మస్తుగుంటది! పడు!"

మా తమ్ముడు నిలవడ్డడు. అంతమంది ఒక్కసారి పడుమంటుంటే వాని మొఖం మీదికి ఆ రీళ్ల నవ్వు వచ్చింది. ఎడమ కాలు మెల్లగ పక్కకు జారింది. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. ఏమన్నా నా నోట్లకెళ్లి తిట్టే వస్తుండె.

కాలు మళ్ల జాగకు వచ్చింది.

"ఇయ్యాల పడ" అన్నడు. "నెత్తి మీద మా అక్క ఒడిబియ్యం ఉన్నయి."

"ఛ" అనుకుంట ఫోన్లు లోపటికి పోయినయి. తమ్ముడు బస్సెక్కి, మూట తెచ్చి నా ఒళ్లె పెట్టి, "పైలం అక్కా" అని దిగిండు. బస్సు కదలంగనే నాకు ఏడుపొచ్చింది. నిన్న అడిగితే రాని ఏడుపు, ముక్కు కారుకుంట, చప్పుడు చేసుకుంట, అసహ్యంగ ఏడ్చిన. ఎవలు తియ్యలే. మా ఆయన కండువ ఇచ్చిండు. ఈసారి సీటు దొరికిందని ఖుషీల ఉన్నడు.

మోత్కూరు కూడ దాటలే. పసుపు ఫోన్ తీసి పెద్దమ్మ నంబరుకు కొట్టిన. తన ఫోన్ బాగైందాక తమ్ముడు ఆమె డబ్బ ఫోన్ అడుక్కొని జేబుల పెట్టుకున్నడు. అది బొమ్మలు సూపెట్టది, మాట్లాడుడొక్కటే వస్తది దానికి.

వెంటనే ఎత్తిండు. "ఏమైంది అక్కా? ఏమన్న మర్చిపోయినవా?"

"లే. ఊకనే."

బర్రె అరిచింది వినవడ్డది. మంచం కిర్రుమన్నది.

"ఊకనేనా" అన్నడు. "ఆఁ, చెప్పక్కా. కూసున్న."